కొవ్వెంత, ఇనుమెంత

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చో కన్నూ. ఆ ఫోను బోర్లా పెట్టు. గోవిందమ్మాళ్ ఇంటి ముందర కారు వచ్చి ఆగిన చోట కదా పోయిన వారం ఆపినాము. ఆ కారు ఇంకా అక్కడే ఉంది. ఇంజను కూడా ఆపలేదు.

కారు డిక్కీ తెరిచి ఉంది. అందులో ఒక పెట్టె. పెట్టెలో ఆ ఇంటి మనవడి బట్టలు. మేట్టుపాళయం దాటినాక కొండ మొదట్లో, వక్క తోటల మధ్య, తాగుడు మాన్పించే ఇల్లొకటి ఉంది. చుట్టూ ఎత్తు గోడ. కొడుకుని అందులో వదిలిపెట్టి మధ్యాహ్నం అన్నానికి తిరిగి రావాలని గోవిందమ్మాళ్ కొడుకు రాజేంద్రన్ పట్టు.

ఆ పిల్లవాడు హాల్లో గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "నేను తాగలే" అని వారమంతా చెప్పి చెప్పి, ఆ పొద్దున చెప్పడం మానేశాడు. చెప్పేవాడు మానేస్తే వినేవాళ్ళకి అది ఒప్పుకున్నట్టే కదా.

సోఫా అంచున కాబోయే సంబంది, అంటే వియ్యంకుడు, ఆండియప్ప కూర్చున్నాడు. తిరుమంగళం పక్క నల్లరేగడి రైతు. కూతురు బృందని ఈ ఇంటికి ఇవ్వడానికి తాంబూలాలు మార్చుకున్నాడు. విషయం చెవిన పడిందో లేదో మదురై బస్సెక్కి తెల్లవారేసరికి కోయంబత్తూరులో దిగాడు. రాజేంద్రన్ పెండ్లాం రుక్మణి తెచ్చి పెట్టిన కాఫీ ఆయన ముందర అట్లానే ఉంది. పైన మీగడ తట్టు కట్టింది. ఆయన ముట్టలేదు. సంబంధం కలుపుకోవాలనుకున్న ఇంట్లో కాఫీ ముట్టకుండా కూర్చోవడమంటే ఏమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే ఎవరూ ఆ లోటా వైపు చూడడం లేదు.

ఇంత జరుగుతుంటే భోజనాల బల్ల దగ్గర ఇంటి పెద్దాయన, గోవిందమ్మాళ్ మొగుడు, ఇడ్లీ తింటున్నాడు. ఆదివారం కదా, ఇడ్లీతో నంచుకోవడానికి మేక ఈరలు వేపుడు. మనం పుస్తకాల్లో కాలేయం అంటామే, దాన్నే ఈ పక్క మనవాళ్ళు ఈరలు అంటారు.

"ఇంకొంచెం వెయ్యమ్మా రుక్మణీ," అన్నాడు పెద్దాయన. "మిరియం బాగా పట్టింది. ఈరలు తింటే ఈరలుకి బలం."

గోవిందమ్మాళ్ వంటింటి గడప మీద గరిటె పట్టుకుని నిలబడి ఉంది. ఆ మాటకి గరిటె గడప మీద పెట్టేసింది.  

మనవడిని ఆ ఈరలు పేరు చెప్పే కదా ఇంట్లోంచి పంపుతున్నారు.

రాజేంద్రన్ స్నేహితుడొకడు అవినాశి రోడ్డులో స్కాన్ సెంటరు తెరిచాడు. పెండ్లికి ముందు ఇంటిల్లిపాదీ ఒళ్ళు చూపించుకోండని పిలిచాడు. పాత మిషన్లో అయితే సొరంగంలో పడుకోబెట్టి, చెవుల్లో డప్పు కొట్టినట్టు కొట్టి, కాలు తిమ్మిరెక్కేదాకా ఉంచేవాళ్ళు. ఈ కొత్తది అట్లా కాదు. ఊపిరి బిగపట్టి వదిలే లోపల ఈరల్లో కొవ్వెంత, ఇనుమెంత, నీరెంత, గట్టిపడిన మచ్చెంత, అన్నీ ఒక్క దెబ్బకి కొలిచి, రంగులేసిన బొమ్మతో సహా చేతిలో పెడుతుంది. మొదటి విడతలో తాతా మనవడూ పోయి వచ్చారు, తోడుగా గోవిందమ్మాళ్. తాత బొమ్మ లేత అరిటాకు మాదిరి పచ్చగా వచ్చింది. మనవడి బొమ్మ కుళ్ళిన బొప్పాయి మాదిరి, ఎరుపూ పసుపూ కలగలిసి వచ్చింది.

అంతే. ఇంకే సాక్ష్యం కావాలి.

"తిరుప్పూర్లో నీ స్నేహితుడు ఆనంద్‌కుమార్ పెండ్లికి పోయి వచ్చిన దినం నీ చొక్కా కంపు కొట్టలేదా?" అన్నాడు రాజేంద్రన్.

"ఎవరో తూలి మీద పోసినారు నాయనా. అప్పుడే చెప్పినాను."

"చొక్కా మింద పోసినారు సరి. ఈరల్ మింద కూడా పోసినారా?"

పిల్లవాడు తల తిప్పుకున్నాడు.

"చూసినారా సంబందీ, మూతి ఎట్ల తిప్పుతాడో. కొవ్వు. నూటికి ఇంత అని మిషను రాసింది. నాకు మిషను రాయక్కర్లా, వాడు నిలబడేదాంట్లోనే తెలుస్తాంది. డేయ్, నిన్నే. చెవి వినపడలేదా?"

ఎంత కోపం వచ్చినా రాజేంద్రన్ కొడుకుని 'డేయ్' అనే పిలవాలి, పేరుతో పిలవలేడు. ఎందుకంటే ఆ పేరు ఆయన నాన్న పేరు. తాత పేరు మనవడికి పెట్టడం మనవాళ్ళ వాడుక కదా. తాతా రంగనాథనే, మనవడూ రంగనాథనే. తాతకి తండ్రి రాజప్ప, మనవడికి తండ్రి రాజేంద్రన్, ఈ పక్క తండ్రి పేరు మొదటి అక్షరమే పేరు ముందర రాస్తారు కాబట్టి కాగితంలో ఇద్దరూ ఆర్. రంగనాథన్లే. మామ పేరు కోడలు పలకదు గనక రుక్మణి కొడుకుని 'తంబి' అంటుంది. మొగుడి పేరు పెండ్లాం పలకదు గనక గోవిందమ్మాళ్ ఆ బిడ్డని ఉయ్యాలలో వేసిన నాటినుంచి 'పెద్దయ్య' అంటుంది. గుక్కెడు పాలు తాగే బిడ్డ పెద్దయ్య. పేరు పెట్టుకున్నది పిలుచుకోవడానికి కాదు, దాచుకోవడానికి.

పెద్దాయన వేళ్ళు నాక్కుని మనవడి వైపు తిరిగాడు.

"తంబీ, నా ఈరలు చూడు. స్కాన్ సెంటరోళ్ళే ఆశ్చర్యపడినారు. వయసు పిల్లోడి ఈరల్ మాదిరి ఉండాదంట. ఎట్ల? ఫౌండ్రీలో ఒళ్ళు వంచి ఇనుము పోతపోసినాను. ఒక్క చుక్క ముట్టలే. సంఘంలో పదిమందికి తాగొద్దని బుద్ధి చెప్పే ఇంట్లో పుట్టి, ఛీ." పొట్ట మీద అరచేత్తో తట్టుకున్నాడు. నిండు కుండ మీద తట్టినట్టు చప్పుడైంది. "పోయి కొన్నాళ్ళుండు. కొవ్వు దిగినాక రా."

ఆండియప్ప తువ్వాలు భుజం మార్చుకున్నాడు.

"మా ఊర్లో ఎద్దుని కొనేటప్పుడు పండ్లు పట్టి చూస్తాము," అన్నాడు. "మీ ఊర్లో కడుపు లోపలే చూసినారు. మంచిదే. నాకు ఇంగ్లీషు రాదు. ఆ కాగితం ఏమి చెప్తాందో చదవండి. మొదలునుంచి కడ దాకా."

"చదివేదానికి ఏముంది సంబందీ, నేనే చెప్తాను కదా..."

"మీరు చెప్పొద్దు. చదవమనండి. నడిమధ్య ఆపిన పత్రానికి మేము వేలిముద్ర పెట్టము."

రాజేంద్రన్ కూతురు శ్రీరంజని ఫోన్లో రిపోర్టు తెరిచింది. కాలేజీలో కామర్స్ చదివే పిల్ల. అన్న మీద ప్రేమ ఉంది గానీ నాన్న ముందు నోరు లేదు. ఒక్కో మాట ఇంగ్లీషులో చదివి తనకి తెలిసినంత విప్పి చెప్పింది.

"పేరు, ఆర్. రంగనాథన్. ఈరల్లో కొవ్వు, ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ. ఇనుము, అదీ ఎక్కువ."

"ఇనుము పోతపోసే ఇల్లు కదా, మిగిలింది లోపలికి పోయినట్టుంది," అన్నాడు ఆండియప్ప. ఎవరూ నవ్వలేదు. ఆయన నవ్వించడానికి అన్నట్టూ లేదు.

"మచ్చ కట్టడం మొదలయింది. చాలా కాలంగా తాగేవాళ్ళకి ఇట్లా ఉంటుంది, డాక్టరు దగ్గర సరిచూసుకోండి, అని రాసినారు. అంతే."

"కడ దాకా, పాపా."

"కడాన ఒకటే లైను ఉంది మామా. పోస్ట్ కోలిసిస్టెక్టమీ స్టేటస్."

"అంటే?"

"తెలీదు మామా. డాక్టర్ల మాట ఏదో."

"స్టేటస్ అంటే ఫోన్లో పెట్టేదే కదా," అంది రుక్మణి. ఏడ్చి ఏడ్చి ఆమె ముక్కు ఎర్రబడి ఉంది.

"అది వాళ్ళు అందరికీ రాసేదే," అని రాజేంద్రన్ లేచాడు. "సరి, బయలుదేరుదాం. ఎండ ఎక్కుతాంది."

కన్నూ, ఆ ఇంట్లో ఇంగ్లీషు చదువుకున్నవాళ్ళు ముగ్గురున్నారు. ఆ మాట ముగ్గురి చెవుల మీదుగా జారిపోయింది. మూడో తరగతిలో బడి మానేసిన గోవిందమ్మాళ్ చెవిలో మాత్రం అది బాణం దిగినట్టు దిగింది.

ఎందుకంటే ఒకప్పుడు ఆమె పేరే అది.

చాలా ఏండ్ల కింద మాట. మదురైలో చుట్టాల ఇంటికి పోయినప్పుడు పెద్దాయనకి కడుపులో నొప్పి వచ్చింది. అక్కడే ఆసుపత్రిలో చేర్చి, పిత్తసంచిలో రాళ్ళున్నాయని సంచినే కోసి తీసేశారు. రాజేంద్రన్ అప్పుడు ఉత్తర దేశంలో పని నేర్చుకుంటున్నాడు, రాలేదు. గోవిందమ్మాళ్ ఒక్కతే చాప పరుచుకుని వార్డు బయట పడుకునేది. మందులిచ్చే నర్సమ్మ రోజూ వచ్చి, నువ్వు ఏ పేషంటు మనిషివి, పేరు చెప్పు అనేది. గోవిందమ్మాళ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. మొగుడి పేరు పలికితే ఆయుసు తరుగుతుందని వాళ్ళమ్మ చెప్పి పంపింది. చూసి చూసి నర్సమ్మ తల కొట్టుకుని, మంచానికి వేలాడే అట్ట మీది ఆపరేషన్ పేరుతోనే పిలవడం మొదలుపెట్టింది. "కోలిసిస్టెక్టమీ అమ్మా, వా." ఆమె పరుగెత్తేది. ఉన్నన్నాళ్ళూ ఆ పేరుకే పలికింది. మొగుడి చిన్న పేరు పలకలేని నోరు ఆ కొండవీటి చేంతాడంత మాటని ముక్క తప్పకుండా నేర్చుకుంది.

ఆ రిపోర్టు ఎవరిదో పిత్తసంచి లేని మనిషిది. పెద్దయ్య ఒంటి మీద గాటు కూడా లేదు. పుట్టినప్పటినుంచి నలుగు పెట్టి నీళ్ళు పోసిన చేతులు ఆమెవి.

గోవిందమ్మాళ్ భోజనాల బల్ల వైపు చూసింది. పెద్దాయన దవడ ఆగిపోయి ఉంది. ఈరలు ముక్క బుగ్గలో అట్లానే ఉంది. ఆయన కళ్ళు నేరుగా ఆమె కళ్ళలోకి చూస్తున్నాయి. ఆ మదురై వార్డులో ఆ మాట విన్నవాళ్ళు ఈ ఇంట్లో ఇద్దరే.

తర్వాత దవడ మళ్ళీ కదిలింది. ఆయన నమిలాడు, మింగాడు, లేచి చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు.

ఆయనకి తెలుసు. అది అర్థమైనప్పుడు, కన్నూ, ఆమెకి మొదట కోపం రాలేదు. ఆయన వదిలిపోయిన ఎంగిలి పళ్ళెం చూస్తే రోత పుట్టింది. యాభై ఏండ్లుగా ఎత్తిన పళ్ళెం అది.

పెరట్లో గ్రైండరు పక్కన కొళాయి. పెద్దాయన పుక్కిలించి ఉమ్మేదాకా ఆమె ఆగింది.

"ఇదిగోండి. ఆ కాగితం మీది," అంది.

"ఏ కాగితం?"

"కోలిసిస్టెక్టమీ."

ఆయన తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. నిదానంగా, మీసాన్ని ఒక్కో పక్కా. "మెల్లగా మాట్లాడు. సంబంది ఉండాడు లోపల."

"మీకు తెలుసునా?"

"నువ్వు చేసిందే కదా. నేను తెర వెనకే నిలబడి ఉన్నాను."

అప్పుడు ఆమెకి ఆ దినం మొత్తం కళ్ళ ముందు ఆడింది. స్కానుకి ముందు లోహం ఏదీ ఒంటి మీద ఉండకూడదన్నారు. ఉంగరాలు వచ్చాయి, గొలుసు వచ్చింది. వెండి మొలతాడు మాత్రం రాలేదు. ఏండ్ల తరబడి పొట్ట కిందికి దిగబడి, కండలో కాలువ తీసుకుని కూర్చుంది. ఎంత లాగినా ముడి చిక్కలేదు. కత్తెర తెచ్చి కోయాల్సి వచ్చింది. ఆ ఆలస్యంలో ముందు పోవాల్సిన తాత వెనకపడి, వెనక పోవాల్సిన మనవడు ముందు పోయాడు. చెమటతో జిడ్డుగా ఉన్న ఆ మొలతాడు ఒళ్ళో పెట్టుకుని గోవిందమ్మాళ్ బెంచీ మీద కూర్చుంది. సెంటరు పిల్ల వచ్చి, ఇద్దరిదీ ఒకే పేరుంది, లోపలున్నది ఎవరు పాట్టీ అని అడిగింది. పాట్టీ అంటే అవ్వ.

"మా పెద్దయ్య," అంది గోవిందమ్మాళ్.

ఆ పిల్ల 'పెరియవర్' అని, అంటే పెద్దాయన అని రాసుకుంది. రాసుకోకేం చేస్తుంది.

"విని ఊరకున్నారా?" అంది ఇప్పుడు.

"అప్పుడు నాకేం తెలుసు, ఏ బొమ్మ ఎట్ల వస్తుందో. వచ్చినాక చూస్తే, సరి, దేవుడే ఒక దారి చూపించినాడని ఊరకున్నాను. నేనేం అబద్ధం చెప్పినానా? నోరే విప్పలేదు. చెప్పింది నువ్వు."

సాయంత్రం సాయంత్రం ఆయన తోటలో మోటారు గదికి పోయేవాడు. మోకాళ్ళ నొప్పికి అరిష్టం అనే ఆయుర్వేదం మందు తాగుతానని చెప్పేవాడు. తెల్లవారి ఆ వెండి లోటా ఆమె తోమేది. చింతపండు పెట్టి తోమినా, బూడిద పెట్టి తోమినా ఒక పులిసిన కంపు పోయేది కాదు. అరిష్టం కదా, అట్లానే ఉంటుందని ముక్కు పక్కకి తిప్పుకుని తోమేది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం అన్నట్టు, ఆ ఇంట్లో అందరూ నీతిమంతులే. లోటాకి మాత్రం కంపు.

"ఆ పిల్లోడు ఏం పాపం చేసినాడు?"

"వయసు పిల్లోడు. ఓర్చుకుంటాడు. నాలుగు దినాలు తోట గాలి పీల్చి వస్తాడు. అదే నన్ను పంపితే? సంఘం పెద్దని, తలైవర్‌ని తాగుబోతుల నడిమధ్య పడుకోబెడతారా? నా పేరేం గాను? నా పేరు పోతే ఈ ఇంటి పేరే పోతుంది."

"వాడి పెండ్లి పోతాంది."

"ఇంకో పిల్ల దొరకదా?" అన్నాడు. అని తేన్చాడు.

ఆ తేనుపు ఆమె మొహానికి తగిలింది. మిరియం, నెయ్యి, ఈరలు, దాని అడుగున లోటా కంపు. ఇన్నేండ్లు పక్కన పడుకున్న మనిషి లోపలి వాసన అది. మిషను అవసరం లేకుండానే ఆమెకి అందులో కొవ్వెంతో, కుళ్ళెంతో తెలిసిపోయింది. ఆమె గోడ పట్టుకుని వంగింది. ఏమీ రాలేదు, చేదు నీళ్ళు తప్ప.

పెద్దాయన పక్కకి జరిగాడు, కాళ్ళ మీద పడకుండా.

"లోపలికి పోయి ఏమని చెప్తావు?" అన్నాడు పైనుంచి. "పెద్దయ్యది కాదు, వారిది అంటావు. వారంటే ఎవరు, పెద్దయ్యంటే ఎవరు? నీ మాట నీ కొడుకుకే తెలీదు. పోయి కోడలికి ధైర్యం చెప్పు. పో."

ఆయన చెప్పినట్టే అయింది కన్నూ. అది ఇంకా రోత.

ఆమె హాల్లోకి వచ్చేసరికి రాజేంద్రన్ కొడుకు చెయ్యి పట్టుకుని గడప దాటిస్తున్నాడు.

"రాజేంద్రా, ఆగు. ఆ కాగితం పెద్దయ్యది కాదు రా. వారిది."

"ఎవరిదమ్మా?"

"వారిది. పెద్దయ్య ముందర పోయినాడు, వారు తర్వాత పోయినారు. నేను పెద్దయ్య అంటే వాళ్ళు పెద్దాయన అనుకున్నారు."

"అమ్మా, రెండు కాగితాల మిందా రంగనాథనే ఉండాది. నీకు వాడంటే ప్రాణం, సరి. నాయనని ఇందులో లాగొద్దు. ఆయన చుక్క ముట్టరని ఊరంతా తెలుసు."

పెరటి గుమ్మంలోనుంచి పెద్దాయన వచ్చి తన ఊయల కుర్చీలో కూర్చున్నాడు. "పాపం, రాత్రంతా నిద్రలేదు దానికి," అన్నాడు జాలిగా. "మనవడి మింద బెంగ. ఏదేదో మాట్లాడుతాంది."

ఆ జాలి చూశావా. వేపుడు మీద నెయ్యి పోసినట్టు పోశాడు.

పెద్దయ్య అవ్వ మొహం వైపు చూశాడు. వారం తర్వాత మొదటిసారి వాడి కళ్ళలో ఏదో కదిలింది. "అవ్వా," అన్నాడు, "నువ్వు ఒక్కదానివి నమ్మితే చాలు. నేను పోతాను."

"నువ్వు నోరు మూసుకో," అంది గోవిందమ్మాళ్. "శ్రీరంజనీ, ఆ సెంటరుకి ఫోను వెయ్యి. అందరికీ వినపడేట్టు పెట్టు."

"ఆదివారం అవ్వా..."

"వెయ్యి పాపా," అన్నాడు ఆండియప్ప. ఆయన మొదటిసారి సోఫాలో వెనక్కి ఆనుకున్నాడు.

అవతల ఫోను ఎత్తింది ఆ పిల్లే. శ్రీరంజని తమిళంలో విషయం చెప్పింది. అవతల కొంతసేపు కీబోర్డు చప్పుడు.

"పాట్టి పక్కన ఉన్నారా? ఆ దినం లోపల ఉన్నది పెరియవర్ అని చెప్పింది పాట్టియే కదా. ఇప్పుడు ఎట్లా మార్చేది? ముందు పోనదు యారు, వెనక పోయింది ఎవరు, పేరు స్పష్టంగా సొల్లుంగ పాట్టి. వాళ్ళు, వీళ్ళు అని కాదు. పేరు."

 బయట కారు ఇంజను ఒక్కటే గురక పెడుతోంది.

"కోలిసిస్టెక్టమీ చేసుకున్నవారు వెనక పోయినారమ్మా," అంది గోవిందమ్మాళ్.

"పేరు, పాట్టి."

పెద్దాయన కుర్చీ మెల్లగా ఊగుతోంది. ఆయన పెదవి చివర చిన్న నవ్వు కనిపించింది. ఆమె నోరు ఎక్కడిదాకా తెరుచుకుంటుందో కొలత ఆయనకి తెలుసు. ఆ కొలత మీదే కదా ఇన్నేండ్లు బతికాడు.

పేరు పలికితే ఆయుసు తరుగుతుందని వాళ్ళమ్మ చెప్పింది. సరే అమ్మా, పలకకుండా ఉంటే పెరిగిందా? ఆ మచ్చ కట్టిన ఈరలుకి మందు పడకుండా, పచ్చ బొమ్మ చూసుకుని పొట్ట తడుముకుంటూ, ఈరలు వేపుడు తింటూ చస్తాడు ఈ మనిషి. చచ్చేలోపల పిల్లోడి బతుకు కూడా నమిలి మింగుతాడు. ఇన్నేండ్లు కొంగు చాటున దాచిపెట్టిన పేరు ఇదా? దీనికా నేను నోరు కట్టుకున్నది?

ఆమె కొంగు నోటికి అడ్డం రాలేదు. చెయ్యి పైకి లేచింది గానీ, మధ్యలో ఆగి దిగిపోయింది.

"ముందు పోయింది మా పెద్దయ్య. నా మనవడు, చిన్న రంగనాథన్," అంది.  ఊయల కుర్చీ వైపు తిరిగి మళ్ళీ అంది. "వెనక పోయింది రంగనాథన్. పెద్ద రంగనాథన్. నా మొగుడు. పిత్తసంచి లేనిది ఆయనకి. సాయంత్రం సాయంత్రం మోటారు గదిలో తాగేది ఆయన. రాసుకోమ్మా, రంగనాథన్."

ఊయల కుర్చీ ఆగిపోయింది.

రుక్మణి చేతిలోని పళ్ళెం బల్లకి తగిలి టంగుమంది. రాజేంద్రన్ తల్లి వైపు చూశాడు, తండ్రి వైపు చూశాడు, కొడుకు చెయ్యి తన పిడికిట్లో ఉండడం చూసి, కాలినట్టు వదిలేశాడు. తండ్రి పొట్ట మీద చొక్కా చాటున పెద్ద గాటు ఒకటి ఉందని ఆయనకి అప్పుడు గుర్తుకొచ్చింది. చిన్నప్పటినుంచి నూనె పట్టించిన ఒళ్ళు. గుర్తు రావడానికి ఇంతసేపు పట్టింది.

"సరి పాట్టి," అంది ఫోన్లో పిల్ల, గొంతు తగ్గించి. "ఇద్దరినీ కూట్టిట్టు వాంగ, తీసుకురండి. మళ్ళీ తీస్తాము. ఊపిరి బిగపట్టేంత సేపే కదా."

ఫోను ఆగింది.  బయటినుంచి డ్రైవరు తొంగి చూసి, "అయ్యా, యారు వర్రాంగ?" అని అడిగాడు. ఎవరు వస్తున్నారు అని.

గోవిందమ్మాళ్ గడప దిగింది. కారు వెనక తలుపు తీసి పట్టుకుంది. డిక్కీలోని పెట్టె తీసి కింద పెట్టమని డ్రైవరుకి సైగ చేసింది.  

"రంగనాథన్," అని పిలిచింది, "లేవండి. కారు ఎదురుచూస్తాంది."

గోడ దగ్గర నిలబడిన పెద్దయ్య తల తిప్పలేదు. ఆ పిలుపు తనది కాదని వాడికి తెలుసు.

ఆండియప్ప కాఫీ లోటా అందుకున్నాడు. పైన కట్టిన మీగడ తట్టుని వేలితో పక్కకి తీశాడు. చల్లారిన కాఫీని ఒక్క గుక్కలో తాగి, లోటా ఖాళీ అని అందరికీ కనబడేట్టు బోర్లించాడు.

పెద్దాయన మాత్రం కుర్చీలోనుంచి లేవలేదు. ఆయన చెయ్యి నడుము దగ్గర వెతుకుతోంది, కోసేసిన మొలతాడు ఇంకా అక్కడే ఉన్నట్టు. తలుపు పట్టుకుని ఆమె నిలబడే ఉంది.

ఆయన లేచాడా లేదా అని నన్ను అడగొద్దు కన్నూ. నువ్వు చెయ్యాల్సింది ఒకటుంది. ఇది మనసులో పెట్టుకుని, మీ ఇంట్లో ఆడవాళ్ళందరూ కూర్చున్నప్పుడు మళ్ళీ చెప్పు. చెప్పేటప్పుడు ఆ పేరు దగ్గరికి రాగానే కొంగు అడ్డం పెట్టుకోవద్దు, 'వారు' అనొద్దు. ఆమె పలికినట్టే గట్టిగా పలుకు.